నిలబడ్డ లక్ష్మి

నరసరావుపేట పెదరాణి షాపింగ్ మాల్‌లో లక్ష్మీదేవి కూడా నిలబడే ఉంటుంది.

మొదట్లో ఆవిడ అందరి కొట్లలో లాగే పద్మంలో మఠం వేసుకుని కూర్చుని, అరచేతిలోంచి బంగారు కాసులు రాలుస్తూ ఉండేది. హైదరాబాదు హెడ్డాఫీసు నుంచి తనిఖీకి వచ్చిన పెద్దమనిషొకడు క్యాష్ కౌంటర్ వెనక ఆ పటం చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసి, "డ్యూటీ టైములో ఇదేం మెసేజండీ స్టాఫ్‌కి?" అన్నాడు. ఆ వారంలోనే నిలబడ్డ లక్ష్మి దిగింది. కూర్చున్న లక్ష్మి గోడౌన్లో, అమ్ముడుపోని రగ్గుల వెనక్కి పోయింది.

పెదరాణి వారి మాల్స్‌లో స్టాఫ్ కూర్చోకూడదు. అది రూలు కాదు, రూలు కంటే పెద్దది. సిద్ధాంతం. వ్యవస్థాపకులు మూట పిచ్చయ్యగారు ఒకప్పుడు చీరల మూట భుజాన వేసుకుని పల్నాడు పల్లెలన్నీ కాలికి బలపం కట్టుకుని తిరిగి ఇంతవారయ్యారు. ఆయన నిలువెత్తు విగ్రహం ప్రతి మాల్ గుమ్మంలోనూ మూటతో సహా నిలబడి ఉంటుంది. కింద పాలరాతి మీద "నిలబడ్డాను కాబట్టే నిలిచాను" అని బంగారు అక్షరాలు. ఆ మాట ఆయన ఎప్పుడన్నారో ఎవరికీ తెలియదు. పోయాక అన్నారని కొందరంటారు.

కస్టమర్లకు మాత్రం కౌంటర్ల ముందు గుండ్రటి మెత్తటి స్టూళ్ళున్నాయి. ఒక్కో స్టూలుకీ "కస్టమర్లకు మాత్రమే" అని అంటించి ఉంటుంది, స్టాఫ్ పొరపాటున కళ్ళు మూసుకుని వాలినా నడుముకి తెలియాలని.

ఈ బ్రాంచికి మేనేజరు గోవర్ధనం. మీసం మొలవని రోజుల్లో పాత బజారులోని పిచ్చయ్యగారి చిన్న కొట్లో చేరినవాడు. అప్పట్లో కౌంటర్లు లేవు. తెల్ల దుప్పటి పరిచిన పరుపు, దాని మీద అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు, మధ్యలో చీరల గుట్ట, ఒక పక్క మంచినీళ్ళ చెంబు. గోవర్ధనం చీర విప్పి విసిరాడంటే పమిట వెళ్ళి సరిగ్గా కొనాల్సిన మనిషి ఒళ్ళోనే పడేది. ఒళ్ళో పడ్డ చీరని వెనక్కి ఇవ్వడానికి ఏ ఆడమనిషికీ మనసు రాదు. ఈ ఒక్క విద్యే ఆయనకు తెలుసు. కొట్టు మాల్ అయ్యాక పరుపు పోయింది, విద్య మిగిలింది. దాంతోపాటు మోకాళ్ళ కింద చిక్కుడు తీగల్లాంటి నరాలు కూడా మిగిలాయి.

గోవర్ధనం బాధ నరాలు కాదు. మనుషులు నిలవకపోవడం. సేల్స్‌కి అమ్మాయిలు వస్తారు, నిలబడతారు, పోతారు. సత్రంలో యాత్రికులైనా తెల్లారేదాకా ఉంటారు. కొత్తమ్మాయి పేరు నెల దాటితేగాని కంఠతా పట్టకూడదని ఆయన నియమం పెట్టుకున్నాడు. అప్పటిదాకా అందరూ "అమ్మాయా". పోయేటప్పుడు ఒకతె పెళ్ళి అంటుంది, ఒకతె పరీక్ష అంటుంది, ఒకతె అత్తగారికి మొక్కు అంటుంది. గుమ్మం దిగుతూ మాత్రం ముగ్గురూ వంగి పిక్కలు పిసుక్కుంటారు.

ఈ సంగతి ఆయన హెడ్డాఫీసుకి విన్నవించుకోకపోలేదు. "పిల్లలకి కాళ్ళు పీకుతున్నాయండీ, తలా ఒక స్టూలు" అని ఫోన్లో నసిగాడు. పది రోజుల తర్వాత పెద్ద పార్సిల్ వచ్చింది. స్టూళ్ళేమోనని స్టాఫంతా చుట్టూ మూగారు. విప్పితే గోడకి అంటించే బొమ్మలు. సూర్యోదయం, కొండ కొమ్మున చేతులు చాచిన మనిషి, కింద "లేచి నిలబడు, లోకం నీదే."

"లేవడానికి ముందు కూసోవాలి గదా సార్," అంది షకీలా, బొమ్మని గోడకి ఒత్తి పట్టుకుంటూ.

షకీలా పట్టు చీరల సెక్షను పిల్ల. బుధవారం సెలవైతే, శుభ్రంగా తయారై, చేతిసంచీతో తన షాపుకే వచ్చి కస్టమరు స్టూలు మీద కూర్చునేది. నాలుగు చీరలు తీయించుకుని, "రంగు తేలిపోయిందమ్మా" అని ఎగాదిగా చూసి, ఏదీ కొనకుండా వెళ్ళిపోయేది. తోటి పిల్లలు తిట్టుకునేవాళ్ళు కాదు. వాళ్ళ సెలవుల్లో వాళ్ళకీ ఆ పనే.

వినాయక చవితి వెళ్ళిన మర్నాడు చిన్న చైర్మన్ గారు ఫోన్ చేశారు. ఆయన పిచ్చయ్యగారి మనవడు, విదేశాల్లో చదివొచ్చిన చలాకీ మనిషి.

"గోవర్ధనం, మన చెయిన్ మొత్తంలో మనుషులు ఎక్కువ కారిపోతున్న బ్రాంచి మీదే. దసరా నాటికి ఈ లీకేజీ ఆగాలి. ఆగకపోతే షట్టర్ దించేస్తాం, నువ్వు కూడా వేరే చూసుకో."

గోవర్ధనం ఫోను పెట్టేసి విగ్రహం వైపు చూశాడు. వేరే ఎక్కడ చూసుకుంటాడు? యాభై దాటినవాణ్ణి, ఒళ్ళోకి పమిట విసరడం తప్ప ఇంకేమీ రానివాణ్ణి, ఎవరు రానిస్తారు?

"భయపడకు, నిపుణుణ్ణి పంపిస్తున్నా," అని ఆ ఫోన్లోనే అన్నారు కూడా చైర్మన్ గారు. గోవర్ధనానికి అసలు భయం అప్పుడు పట్టుకుంది.

*

నిపుణుడి పేరు ఈశాన్ భార్గవ. సన్నగా, రివటలా ఉంటాడు. హోదా చీఫ్ హ్యాపీనెస్ ఆఫీసర్. వచ్చీ రాగానే స్టాఫ్‌ని నిలబెట్టి, అంటే వాళ్ళు ఎలాగూ నిలబడే ఉన్నారు కాబట్టి నిలబడ్డచోటే ఉంచి, చప్పట్లు కొట్టించాడు.

"ఫ్యామిలీ, మనది షాపు కాదు, ఒక ఆనంద వాతావరణం. కొలవలేనిదాన్ని మనం మేనేజ్ చేయలేం. సో, కొలుద్దాం."

వాక్యం గోవర్ధనానికి అర్థం కాలేదు. కానీ తల ఊపాడు. ఊపకపోతే ఇంకోసారి చెబుతారని ఆయన అనుభవం.

కొలవడానికి కెమెరాలు తెచ్చాడు. సీలింగుకి బిగించిన ఆ కెమెరాలు ముఖం చూసి నవ్వు ఎంతో లెక్క కడతాయి. ఆ లెక్క క్యాష్ కౌంటర్ పైన పెద్ద తెర మీద కనిపిస్తుంది. నవ్వుతున్న ముఖం చుట్టూ ఆకుపచ్చ గీత, లేకపోతే ఎరుపు. తెర పెట్టిన వారం రోజులూ నరసరావుపేట బ్రాంచి పండు మిరపకాయల కల్లంలా ఎర్రగా మెరిసింది.

ఆ శుక్రవారం నాగేంద్రమ్మ వీడ్కోలు.

నాగేంద్రమ్మ నేత చీరల సెక్షనులో అందరికంటే పాతకాపు. గోవర్ధనం కంటే ముందు నుంచీ ఉన్నట్టు ఆవిడే చెప్పుకుంటుంది. ఇక చేతకాదని, తమ్ముడి పురుగుమందుల కొట్లో గల్లాపెట్టె దగ్గర కుదురుకుంది. గల్లాపెట్టె దగ్గర కుర్చీ ఉంటుంది.

బ్రాంచి ఆనవాయితీ ప్రకారం, సర్వీసున్నవాళ్ళు వెళ్ళేటప్పుడు చిన్న సన్మానం చేస్తారు. బాజీ టెంట్ హౌస్ నుంచి పెళ్ళికొడుకులు కూర్చునే కుర్చీ తెప్పిస్తారు. ఎర్ర ముఖమల్ పరుపు, చేతులకి రెండు సింహం తలలు, వీపు దగ్గర బంగారు రంగు నెమలి పురి. ఆ రోజు కూడా నాగేంద్రమ్మని అందులో కూర్చోబెట్టారు. ఆవిడ నెమ్మదిగా వెనక్కి వాలి, రెండు సింహాల తలల మీదా చేతులు ఆనించి, చెప్పుల్లోంచి పాదాలు బయటికి తీసి, కళ్ళు మూసుకుంది. ముఖంలోకి ఒక నవ్వు, పొంగుతున్న పాల మీద మీగడలా, మెల్లగా వచ్చి నిలిచింది.

పైన తెర గుప్పున ఆకుపచ్చగా వెలిగి, ఇంత నవ్వు తన కొలతలో లేదని ఒక గంట కొట్టి ఆగిపోయింది.

తర్వాత శాలువా కప్పారు, దండ వేశారు, గోవర్ధనం నాలుగు మంచి మాటలు చెప్పాడు. నాగేంద్రమ్మ ఒక్కటీ వినలేదు. భార్గవ మాత్రం ఆవిడ ముఖం కేసి, తెర కేసి మార్చి మార్చి చూసి, బల్ల మీద చెయ్యి ఆన్చి అన్నాడు.

"గోవర్ధనం గారూ, దొరికింది. ఉద్యోగి ఆనందం పీక్‌కి వెళ్ళేది నిష్క్రమణ క్షణంలో. మనం ఇన్నాళ్ళూ ఆ ఆనందాన్ని వెళ్ళిపోయేవాళ్ళకే ఇచ్చి, ఉండేవాళ్ళకి డినై చేస్తున్నాం."

"అంటే ఏంటండీ?"

"అందరికీ వీడ్కోలు. వెళ్ళకుండానే."

గోవర్ధనం గొంతు సవరించుకున్నాడు. "సార్, చిన్న మనవి. అది వీడ్కోలు వల్ల కాదేమో. కుర్చీ వల్లేమో."

భార్గవ చిన్నపిల్లాడి మాట విన్నట్టు నవ్వాడు. "కుర్చీ ఒక సింబల్ సార్. మీరు సింబల్ దగ్గర ఆగిపోతున్నారు."

*

మర్నాడు నాగేంద్రమ్మని పిలిపించారు. ప్రతి శుక్రవారం ఇలాగే ఘనంగా వీడ్కోలు ఇస్తామంటే ఉద్యోగంలో ఉంటారా అని భార్గవ అడిగాడు.

నాగేంద్రమ్మ గోవర్ధనం వైపు చూసింది. గోవర్ధనం నేల వైపు చూశాడు.

"కుర్చీ అదేనా బాబూ?"

"అదే."

"అయితే ఉంటా."

అలా 'నిత్య వీడ్కోలు పథకం' మొదలైంది. మొదట రోజుకొకరు. తర్వాత పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు. సింహాల కుర్చీ నేత చీరల సెక్షనుకీ పట్టు చీరల సెక్షనుకీ మధ్య స్థిరపడిపోయింది. టెంట్ హౌస్ బాజీ రెండుసార్లు వచ్చి బతిమాలుకున్నాడు. "అన్నా, కుర్చీ ఇయ్యకపోతే ఎట్టా? నిన్న పెళ్ళికొడుకు ప్లాస్టిక్ కుర్చీలో కూసున్నాడు. పెళ్ళికూతురి మేనమామ నన్ను కొట్టడానికొచ్చాడు."

"మీ పెళ్ళికొడుకు ఒక్కరోజు నవ్వుతాడు బాజీ. ఇక్కడ రోజూ నవ్వాలి," అన్నాడు గోవర్ధనం. అంటుంటే ఆయనకే ఆశ్చర్యం వేసింది. ఎవరో తన నోట్లోంచి హైదరాబాదు మాట మాట్లాడుతున్నట్టుంది.

చిక్కల్లా ఉపన్యాసం. ఉపన్యాసం అయిపోతే కుర్చీ దిగాలి. అందుకని సన్మానగ్రహీతలు ముందే వచ్చి రాయబారం నడిపేవాళ్ళు.

"సార్, నా గురించి కాస్త ఎక్కువ చెప్పండి," అని షకీలా ప్రాధేయపడింది. "మరియరాణి గురించి ముప్పావుగంట చెప్పారంట. నాకు పావుగంటకే దించేశారు. నేనేం తక్కువ చేశా?"

గోవర్ధనం రోజూ రాత్రి అన్నం తింటూ ఎవరి గురించి ఏం చెప్పాలా అని ఆలోచించేవాడు. మంగళవారం చేరిన పిల్లకి గురువారం వీడ్కోలు. ఆ పిల్ల పేరు కూడా ఆయనకు తెలియదు. అయినా మైకు పట్టుకుని, "ఈ అమ్మాయి మన మధ్యకి వచ్చిన నాడు ఎలా ఉందో, నేటికీ అలాగే ఉంది," అని మొదలుపెట్టి, వాళ్ళ ఊరి మిరప తోటల మీదుగా, తాతగారి ఎడ్ల పందేల మీదుగా గంట లాగించాడు. ఆ పిల్ల కుర్చీలో నిద్రపోయింది. తెర పచ్చగా వెలిగింది. చీర కొంగుతో కళ్ళు ఒత్తుకున్న కస్టమర్లు కూడా ఉన్నారు. "పాపం, బంగారం లాంటి పిల్ల, యాడికి పోతందో," అని.

ఇంకో వింత జరిగింది. కుర్చీలో ఉన్న మనిషిని కస్టమర్లు వచ్చి చీరలు అడగడం మొదలుపెట్టారు. నాగేంద్రమ్మ దండ మెళ్ళో ఉండగానే, శాలువా పక్కకి తోసి, ఒళ్ళో మంగళగిరి చీర విప్పి, "అంచు చూడండి, గోరుతో గీరండి, చూస్తా," అని అమ్మేసేది. ఎదురుగా స్టూలు మీద మనిషి, ఇటు కుర్చీలో ఈవిడ. కళ్ళకి కళ్ళు సమానంగా ఉండేసరికి బేరం కబుర్లలోకి దిగి, కబుర్లు రెండో చీరలోకి దిగేవి. ఉన్నవాళ్ళెవరూ మానేయడం లేదు. పోయినవాళ్ళు ఇద్దరు ముగ్గురు తిరిగొచ్చి, "సార్, వీడ్కోలు ఇస్తన్నారంట గదా, చేర్చుకుంటారా?" అని అడిగారు.

గోవర్ధనానికి దసరా గండం గట్టెక్కినట్టే అనిపించింది. ఎవరూ ముట్టుకోకుండా ఉంటే గట్టెక్కేదే.

*

భార్గవ ముట్టుకున్నాడు.

"అథెంటిసిటీ మిస్సవుతోంది సార్," అన్నాడు ఒక ఉదయం. "ఉత్తుత్తి వీడ్కోలుకి ఉత్తుత్తి ఆనందమే వస్తుంది. వీడ్కోలుకి ముందు ఉద్యోగి నిజంగా రాజీనామా చేయాలి. మర్నాడు ఫ్రెష్‌గా, కొత్త ఎనర్జీతో జాయినవ్వాలి. ఇంటర్వ్యూతో సహా."

దాంతో ప్రతి పొద్దునా గోవర్ధనం నిన్న మానేసినవాళ్ళని ఇంటర్వ్యూ చేయాల్సొచ్చింది. నాగేంద్రమ్మ కూడా వరసలో నిలబడింది.

"చీరల్లో ముందు అనుభవం ఏమైనా ఉందా అమ్మా?" అన్నాడు గోవర్ధనం, కెమెరా వింటుందేమోనని గంభీరంగా.

"నీకు చీర మడత నేర్పింది ఎవరయ్యా?"

"అది కాదు, పద్ధతి ప్రకారం అడగాలి."

"పద్ధతి ప్రకారమే చెబుతున్నా. నువ్వు మొదటి రోజు గద్వాల చీరని లుంగీ మడత పెట్టావు. పిచ్చయ్యగారు చూడకుండా దాన్ని నా కింద వేసుకుని కూసున్నా. కూసునే రోజులు గాబట్టి సరిపోయింది."

ఆవిడ సెలక్టయింది.

హెడ్డాఫీసులో హ్యాపీనెస్ విభాగం మూడో అంతస్తులో ఉంటుంది. మనుషులు ఎంతమంది మానేశారో చూసే విభాగం నాలుగో అంతస్తులో. రెండిటికీ మధ్య మెట్లున్నాయిగానీ ఎవరూ ఎక్కరు, దిగరు. మూడో అంతస్తు వాళ్ళు నరసరావుపేట దేశంలోనే ఆనందమైన బ్రాంచి అని చైర్మన్ గారికి కేకు పంపిన రోజునే, నాలుగో అంతస్తు వాళ్ళు నరసరావుపేటలో మొత్తం స్టాఫ్ ప్రతి వారమూ రాజీనామా చేస్తున్నారని, వర్తక చరిత్రలో ఇలాంటి వలస లేదని ఎర్ర గీతలు గీసి పంపారు.

చైర్మన్ గారు కేకు తింటూ ఎర్ర గీతలు చదివారు. ఆయన రెండిటినీ నమ్మారు. ఇంత ఆనందంగా ఇంతమంది మానేస్తున్నారంటే తప్పకుండా మేనేజరులోనే లోపముందని తేల్చారు. హ్యాపీనెస్ పథకం మంచిదే కాబట్టి ఉంటుంది. ఖర్చు మాత్రం తగ్గాలి. భార్గవ దగ్గర అన్ని ఖర్చులూ చూసి, శాలువా ఉండాలన్నారు, దండ ఉండాలన్నారు, ఉపన్యాసానికి ఖర్చే లేదన్నారు. కుర్చీ దగ్గర ఆగారు.

"ఇదెందుకు? పైగా తాతగారి సిద్ధాంతానికి విరుద్ధం. సన్మానం నిలబెట్టి చేయండి."

"కరెక్ట్ సార్. అది ఉత్త సింబల్," అన్నాడు భార్గవ.

"మొదటి వీడ్కోలు ఆ గోవర్ధనానికే. శనివారం నేనే వస్తా. ఆయన మళ్ళీ జాయినవ్వక్కర్లేదు."

*

బాజీ కుర్చీని ట్రాలీ ఆటోలో వేసుకుపోతుంటే స్టాఫంతా గుమ్మం దాకా వచ్చి చూశారు. మనిషి పోయినప్పుడు కూడా అంత మంది రాలేదని వాచ్‌మన్ తర్వాత చెప్పాడు. ఆ మధ్యాహ్నానికల్లా తెర ఎర్రబడింది. సాయంత్రం షకీలా గోవర్ధనం దగ్గరికి వచ్చింది.

"సార్, మీ వీడ్కోలు అయిపోగానే మేమందరం పోతున్నాం. ఈసారి నిజంగా."

"పండగ ముందు ఇట్టా చెయ్యమాకండమ్మా. షట్టర్ దించేస్తారు. ఎవరికీ లేకుండా పోద్ది."

"దించనీయండి సార్. దించడానికైనా ఎవరో ఒకరు వంగాలి గదా."

శనివారం గోవర్ధనం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. గుమ్మంలో పిచ్చయ్యగారి విగ్రహానికి అలవాటుగా దణ్ణం పెట్టాడు. ఇంతకాలం చేసిన కొట్లో ఆఖరి రోజు. పోయే రోజునైనా ఆ ఎర్ర కుర్చీలో ఒక్క క్షణం కూర్చోవాలని ఆయన ఎన్నాళ్ళ నుంచో లోపల అనుకుంటున్నాడు. అందరికీ మైకు పట్టుకున్నాడుగానీ, తనెన్నడూ అందులో కూర్చోలేదు. ఇప్పుడు ఆ కుర్చీయే లేదు.

పండగ ముందు శనివారం కదా, జనం బాగానే ఉన్నారు. ఇక్కుర్రు నుంచి ట్రాక్టరు వేసుకుని పెళ్ళిబట్టలకి ఒక కుటుంబం దిగింది. ముందు పేరమ్మ. ఆవిడ పెళ్ళికూతురి నాయనమ్మ, ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, చేతికర్ర, చెవులకి దుద్దులు. గుమ్మంలో విగ్రహం ముందు ఆగి కర్రతో చూపించింది.

"ఎవరమ్మే ఈయన, మూట పిచ్చయ్యేనా? పాపం, ఇట్టా నిలబెట్టారేంది? మా అరుగు మీద కూలబడ్డాడంటే మూడు చెంబుల మజ్జిగ తాగి, ఊళ్ళో ఆడోళ్ళంతా చుట్టూ చేరిందాకా లేచేవాడు కాదు."

చైర్మన్ గారు అప్పుడే లోపలికి వస్తూ ఆ మాట విన్నారు. విననట్టు కోటు సర్దుకున్నారు.

కార్యక్రమం మొదలైంది. గోవర్ధనాన్ని నిలబెట్టి శాలువా కప్పారు, దండ వేశారు. చైర్మన్ గారు మైకు తీసుకుని, గోవర్ధనం సంస్థకి మూలస్తంభమని, స్తంభానికి శోభ నిలబడటంలోనే ఉందని, అలాంటి స్తంభాన్ని తీసేస్తున్నందుకు సంస్థ గర్విస్తోందని అరగంట మాట్లాడారు. గోవర్ధనం కాళ్ళల్లో చిక్కుడు తీగలు పాములయ్యాయి. నవ్వమని భార్గవ దూరం నుంచి సైగ చేస్తున్నాడు.

స్టూళ్ళ దగ్గర పేరమ్మకి ఓపిక అయిపోయింది.

"ఏమయ్యా దండేసుకున్నాయనా, పొద్దు గూకుతంది. పెట్టుబడి చీరలు చూపించేదుందా, లేక మీ పెళ్ళి మీరే చేసుకుంటారా?"

గోవర్ధనం ఆవిడ వైపు చూశాడు. స్టాఫ్ వైపు చూశాడు. ఒక్కొక్క ముఖం చుట్టూ ఎర్ర గీత. ఇక తనకి పోయేదేముంది అనుకున్నాడు. షర్టింగు సెక్షనులోంచి ఒక తెల్ల బట్ట తాను లాగి, నేల మీద ఈ చివర నుంచి ఆ చివరకి దొర్లించాడు. దండ తీసి పక్కన పెట్టి, చెప్పులు విడిచి, బట్ట మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. కూర్చోగానే ఆయన నోట్లోంచి ఒక నిట్టూర్పు వచ్చింది. అది మైకులో పడి మాల్ అంతా వినపడింది.

"ఇట్టా రండమ్మా. కింద కూసుని చూద్దాం."

"అదీ, ఇప్పుడు కొట్టనిపించావు," అంటూ పేరమ్మ కర్ర పక్కన పడేసి కూలబడింది. వెనకాలే కోడళ్ళు, పెళ్ళికూతురు, మేనత్తలు. నాగేంద్రమ్మ కౌంటరు చుట్టూ తిరిగొచ్చి గోవర్ధనం పక్కన కూర్చుంది. షకీలా కూర్చుంది. మరియరాణి కూర్చుంది. పేరు తెలియని కొత్తపిల్ల కూడా కూర్చుంది. గోవర్ధనం ఒక చీర విప్పి విసిరాడు. పమిట వెళ్ళి సరిగ్గా పేరమ్మ ఒళ్ళో పడింది. ఆవిడ దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఇక వదల్లేదు.

కింద ఉన్న చీరలు చూస్తూ చూస్తూ అయిపోయాయి. మిగిలినవి పై అరల్లో ఉన్నాయి. పేరమ్మ తలెత్తి చుట్టూ చూసింది. మాల్ మొత్తంలో నిలబడి ఉన్నవాళ్ళు ఇద్దరే.

"ఇదిగో కోటేసుకున్నబ్బాయా, నిన్నే. ఆ పైన నెమలికంఠం రంగుది తియ్యి."

చైర్మన్ గారు వెనక్కి తిరిగి చూసుకున్నారు. వెనక పిచ్చయ్యగారి విగ్రహం తప్ప ఎవరూ లేరు.

"నేను..."

"నువ్వే. నిలబడ్డోడివి నువ్వేగా."

చైర్మన్ గారు స్టాఫ్ వైపు చూశారు. అందరూ చీరల్లో తలమునకలుగా ఉన్నారు. పెళ్ళివారు ముప్పై మంది ఆయన చేతుల వైపే చూస్తున్నారు. ఆయన చీర తీసి ఇచ్చారు.

"ఇది కాదయ్యా, దీని పక్కది. కొత్తగా చేరావా? ఆ బక్కపిల్లాణ్ణి నిచ్చెనెక్కించు, నీకు అందదు."

భార్గవ నిచ్చెనెక్కాడు. అక్కణ్ణుంచి చీకటి పడేదాకా ఒకరు పైన, ఒకరు కింద. చైర్మన్ గారి కోటు ముందు స్టూలు మీదికి, తర్వాత విగ్రహం మూట మీదికి చేరింది. ఆయన తీసిన చీరని పేరమ్మ చూడటం, మూతి విరవడం, మళ్ళీ పైన పెట్టమనడం. పైన తెర మీద బ్రాంచి అంతా వరి పొలంలా పచ్చగా ఉంది. రెండే రెండు ముఖాల చుట్టూ ఎరుపు.

పెళ్ళివారు ట్రాక్టరు నిండా మూటలు వేసుకుని వెళ్ళేసరికి వీధి దీపాలు వెలిగాయి. చైర్మన్ గారు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతూ, చిన్న గొంతుతో అడిగారు.

"గోవర్ధనం గారూ, ఇక్కడ కూర్చోవడానికేమైనా ఉందా?"

'గారూ' అన్న మాట గోవర్ధనం విన్నాడు. వినయంగా లేవబోయాడు, మోకాలు సహకరించక మళ్ళీ కూర్చున్నాడు.

"స్టూళ్ళున్నాయిగానీ అండీ, కస్టమర్లకు మాత్రమే అని రాసుంది."

"ఇంకేం లేదా?"

"ఒక కుర్చీ ఉండేదండీ, ఎర్ర ముఖమల్‌ది. ఖర్చని మీరే పంపించేశారు."

చైర్మన్ గారు కాసేపు నిలబడ్డారు. తర్వాత బూట్లు విప్పుకుని, గోవర్ధనం పక్కన తెల్ల బట్ట మీద కూలబడ్డారు. పిక్కలు పట్టుకుని, కళ్ళు మూసుకున్నారు. పైన తెర గుప్పున పచ్చగా వెలిగి, గంట కొట్టి, ఆగిపోయింది.

గోవర్ధనం వీడ్కోలు గురించి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

దసరాకి ముందు రోజు లారీలో సామాను దిగింది. వెంట హెడ్డాఫీసు సర్క్యులర్ వచ్చింది. భార్గవ గారు నిచ్చెన మీద నిలబడి జరిపిన లోతైన పరిశోధన ఫలితంగా, ప్రతి ఉద్యోగికీ ఒక 'సమున్నత ఆనంద వేదిక' సమకూరుస్తున్నామని అందులో ఉంది. స్టూలు అన్న మాట ఎక్కడా లేదు.

"వేదికేంది సార్?" అంది నాగేంద్రమ్మ, అట్టపెట్టె చింపుతూ.

"పేరుదేముందిలే అమ్మా."

ఆవిడ దాన్ని నేల మీద పెట్టి, ఊగుతుందేమో చూసి, ఎక్కి కూర్చుంది. "నిజమేలే. దీనికి నాలుగు కాళ్ళున్నాయి. నా రెంటికీ తోడు."

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక గోవర్ధనం గోడౌన్లోకి వెళ్ళి రగ్గుల వెనక చెయ్యి పెట్టి పాత పటం బయటికి లాగాడు. దుమ్ము తుడిచి, క్యాష్ కౌంటర్ వెనక మేకుకి తగిలించి, తన స్టూలు మీద కూర్చుని చూశాడు. లక్ష్మీదేవి పద్మంలో మఠం వేసుకుని హాయిగా ఉంది. అరచేతిలోంచి కాసులు రాలుతూనే ఉన్నాయి.